మూడు గండాలు దాటే పెట్టె

517583. పుత్తూరు పిన్‌కోడ్ అది. ఉత్తరాల మీద రాసే రోజులు పోయినా ఇలాంటి అంకెలకు పని తగ్గలేదు. ఫోను తెరిచే పిన్ పెట్టాలన్నా, ఈమెయిల్ పాస్‌వర్డ్ చివర ఏదో తగిలించాలన్నా చేతికి మొదట తగిలేది ఊరి పిన్‌కోడో, బండి నంబరో, పిల్లవాడు పుట్టిన సంవత్సరమో. అంకెలు ఒక్కటే చాలవని వెబ్‌సైటు మొరాయిస్తే ముందు ఊరి పేరు, మధ్యలో @ గుర్తు వచ్చి చేరతాయి. దేశమంతా ఇదే తంతు. నార్డ్‌పాస్ అనే కంపెనీ లీకైన పాస్‌వర్డ్‌లను పోగుచేసి ఏటా జాబితా వేస్తుంది. 2023లో భారతదేశపు జాబితాలో మొదటి స్థానం 123456ది. మొదటి పదిలో ‘పాస్@123’, ‘అడ్మిన్@123’, ‘ఇండియా@123’ ఉన్నాయి. పెద్దక్షరం ఉంది, గుర్తు ఉంది, అంకెలున్నాయి. వెబ్‌సైటు పెట్టిన నియమాలన్నీ పాటించినవే. దొంగ మొదట ప్రయత్నించేవి కూడా ఇవే.

దీనికి జనాన్ని తప్పుపట్టడం అన్యాయం. పుత్తూరు, నారాయణవనం, నగరి ప్రాంతంలో మరమగ్గాలు నడిపే ఒక ఇంటిని ఊహించుకోండి. జీఎస్టీ రిటర్నులకు ఒక ఖాతా, ఈ-వే బిల్లుకు మరొకటి, ఆదాయపు పన్నుకు ఇంకొకటి. బ్యాంకుది వేరు. చెన్నై రైలు టికెట్టుకు ఐఆర్‌సీటీసీ. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుక్కి పీఎఫ్ ఖాతా, ఇంజినీరింగ్ చదివే కూతురికి కాలేజీ పోర్టల్, స్కాలర్‌షిప్ సైటు. ఆదాయపు పన్ను సైటు పాస్‌వర్డ్ 8 నుంచి 14 అక్షరాల్లోపు ఉండాలంటుంది, జీఎస్టీ సైటు 15 దాకా ఒప్పుకుంటుంది. ఇన్నిటికీ వేర్వేరుగా అర్థంపర్థం లేని అక్షరాల వరసలు కల్పించి గుర్తుపెట్టుకోవడం మనిషి మెదడు వల్ల అయ్యే పని కాదు. అందుకే అది తనకు చేతనైన ఉపాయం చేస్తుంది. ఒక్కటి తయారుచేసి అన్నిచోట్లా అదే వాడుతుంది.

పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అన్న నియమం కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన బిల్ బర్ 2003లో రాసిన పత్రం దానికి పెద్ద ఆధారం. ఆ సలహాల్లో చాలావాటికి ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నానని ఆయనే 2017లో ఒప్పుకున్నారు. అదే ఏడాది నిస్ట్ తన సలహా మార్చుకుంది: పొడుగు ముఖ్యం, ఊరికే గడువు పెట్టి మార్పించవద్దు, లీకైన జాబితాలో ఉన్నదాన్ని ఒప్పుకోవద్దు, పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి తెచ్చి అతికించడాన్ని అడ్డుకోవద్దు. మన సైట్లలో చాలావాటికి ఆ మార్పు ఇంకా చేరాల్సి ఉంది.

ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడితే ఏమవుతుందో 2020 నాటి బిగ్‌బాస్కెట్ ఉదంతం చెబుతుంది. కూరగాయలు, సరుకులు అమ్మే ఆ సంస్థ నుంచి సుమారు 2 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. మరుసటి ఏడాది ఆ డేటాను దొంగలు ఉచితంగానే పంచిపెట్టారు. కూరగాయల ఖాతా తెరిస్తే దొంగకు ఏం దొరుకుతుంది అనిపించవచ్చు. అతనికి కావలసింది కూరగాయలు కాదు. అదే ఈమెయిల్, అదే పాస్‌వర్డ్ జతను వందల సైట్లలో వరసగా ప్రయత్నించే ప్రోగ్రాములు అతని దగ్గరున్నాయి. వాటిలో ఈమెయిల్ ఖాతా ఒక్కటి తెరుచుకున్నా చాలు, ‘పాస్‌వర్డ్ మరిచిపోయారా’ అన్న మీట నొక్కుతూ మిగతావాటిని ఒక్కొక్కటిగా స్వాధీనం చేసుకోవచ్చు.

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో జరిగింది ఇంకా దగ్గరి పాఠం. మోసపు మెయిళ్లను ఉద్యోగులు తెరవడంతో దొంగల ప్రోగ్రాము లోపలికి చేరింది, 12.48 కోట్ల రూపాయలు బయటికి వెళ్లాయి. బ్యాంకు వ్యవస్థ మొత్తం మీద అధికారం ఉండే సూపర్ యూజర్ ఖాతాలు పది దాకా ఉన్నాయని, వాటిలో కొన్నిటికి ఒకే పాస్‌వర్డ్ ఉందని హైదరాబాద్ పోలీసులు దర్యాప్తులో బయటపెట్టారు. భద్రతలో అలసత్వానికి 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. శిక్షణ ఉన్న బ్యాంకు ఉద్యోగులే ఒక పాస్‌వర్డ్‌ను పంచుకున్నప్పుడు, మగ్గాల షెడ్డులో లెక్కలు రాసే గుమాస్తాను ఏమని తప్పుపడతాం?

పాస్‌వర్డ్ మేనేజర్ పుట్టింది ఈ బరువు దించడానికి. అది తాళం వేసిన పెట్టె లాంటిది. ప్రతి సైటుకూ ఒక పొడవాటి, అడ్డదిడ్డమైన పాస్‌వర్డ్ తానే తయారుచేసి, సంకేతభాషలోకి మార్చి దాచుకుంటుంది. మనిషి గుర్తుపెట్టుకోవలసింది పెట్టె తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ 1997లో పాస్‌వర్డ్ సేఫ్ అనే ఉచిత ప్రోగ్రాము ఇచ్చారు. 2003లో జర్మనీ నుంచి కీపాస్ వచ్చింది. 2006లో వన్‌పాస్‌వర్డ్, 2008లో లాస్ట్‌పాస్, 2016లో బిట్‌వార్డెన్, 2023లో స్విట్జర్లాండ్ నుంచి ప్రోటాన్ పాస్. ఇవికాక గూగుల్, ఆపిల్ తమ ఫోన్లలోనే ఒకటి ఇస్తున్నాయి. మన చెన్నై కంపెనీ జోహోకు జోహో వాల్ట్ ఉంది. ఆ కంపెనీ కార్యాలయం ఒకటి పుత్తూరుకు దగ్గర్లోని రేణిగుంటలోనే నడుస్తోంది.

ఇన్నింటిలో ఏది మంచిది? మామూలుగా దొరికే పోలికలు ధర, రంగులు, ఎన్ని ఫోన్లలో పనిచేస్తుంది, ఎన్ని సదుపాయాలున్నాయి అని పట్టిక వేస్తాయి. రోజులు సవ్యంగా సాగుతున్నప్పుడు అన్నీ బాగానే పనిచేస్తాయి కాబట్టి ఆ పట్టికలతో పెద్దగా తేలదు. తేడా తెలిసేది గండం వచ్చిన రోజున. కంపెనీని దొంగలు దోచుకున్న రోజు, ఫోను పోయిన రోజు, ఇంటి పెద్ద పోయిన రోజు. ఆ మూడు రోజుల్లో పెట్టె ఎలా ప్రవర్తిస్తుందో చూసి ఎంచుకోవడమే సరైన పోలిక.

అంతకంటే ముందు, గండం లేని రోజుల్లో కూడా పెట్టె చేసే ఒక మేలు ఉంది. దాని విలువ తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఒక నకిలీ వెబ్‌సైటు మీద ఫిర్యాదు చేసింది. అప్పటికే 40 నకిలీ సైట్ల మీద కేసులున్నాయి, ఇది 41వది. అసలు చిరునామాలో ‘తిరుపతిబాలాజీ’ తర్వాత చుక్క, ‘ఏపీ’ తర్వాత చుక్క, ‘గవ్’ తర్వాత చుక్క, చివర ‘ఇన్’. నకిలీలో మొదటి రెండు చుక్కల స్థానంలో అడ్డగీతలు, చివర ‘ఆర్గ్’. పేజీ చూడటానికి అచ్చం దేవస్థానానిదే. దర్శనం టికెట్లు విడుదలయ్యే ఉదయం, నిమిషాల్లో అయిపోతాయన్న ఆత్రంలో, అరచేతిలోని తెర మీద చుక్కకీ గీతకీ తేడా ఎవరి కంటికి ఆనుతుంది?

పాస్‌వర్డ్ మేనేజర్ పేజీ అందాన్ని చూడదు, చిరునామాను అక్షరం అక్షరం పోల్చుతుంది. గీత ఉన్నచోట అది పాస్‌వర్డ్ నింపదు. దేవస్థానం సైటులో ఫోన్ నంబరు, ఓటీపీతోనే ప్రవేశం కాబట్టి అక్కడ దీని అవసరం తక్కువ. అదే ఎత్తుగడ బ్యాంకు పేరుతోనో, ఆదాయపు పన్ను రిఫండ్ పేరుతోనో వచ్చినప్పుడు మాత్రం ఈ మొండితనమే కాపాడుతుంది. ఎప్పుడూ తనంతట తానే నిండే పెట్టె ఈరోజు నింపకపోతే అది చెడిపోయిందని పాస్‌వర్డ్‌ను చేత్తో కొట్టేయకూడదు. ఆగి చిరునామా చదవాలి. సైటే నిజంగా చిరునామా మార్చుకున్నా పెట్టె ఇలాగే మొరాయిస్తుంది. దేవస్థానం 2024 జనవరిలో తన అధికారిక చిరునామాను మార్చింది కూడా. అలాంటప్పుడు అధికారిక ప్రకటన చూసి, కొత్త చిరునామాను పెట్టెలో చేర్చుకుంటే సరి.

ఈ మేలుకూ ఒక చిక్కుంది. 2025 ఆగస్టులో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో మారెక్ తోత్ అనే పరిశోధకుడు, బ్రౌజర్‌కు తగిలించే పాస్‌వర్డ్ మేనేజర్లు 11 ఎలా మోసపోగలవో చూపించాడు. మోసపు పేజీ పెట్టె మీటను కనిపించకుండా చేసి, ‘కుకీలు అంగీకరించండి’ లాంటి మీట కింద దాస్తుంది. మనిషి ఒకటి నొక్కుతున్నాననుకుని ఇంకొకటి నొక్కుతాడు. కంపెనీలు సవరణలు తెచ్చాయి. అయినా కార్డు వివరాలు, ఇంటి చిరునామా లాంటివి బ్రౌజర్‌లో దానంతట అదే నిండే ఏర్పాటును ఆపేసుకోవడం మేలు.

ఇక మొదటి గండం. ఇది ఊహ కాదు, జరిగిన కథ.

2022 ఆగస్టులో లాస్ట్‌పాస్ కంపెనీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోటికి దొంగలు చొరబడ్డారు. అక్కడ దొరికిన ఆధారాలతో కంపెనీలోని ఒక సీనియర్ ఇంజినీరును ఎంచుకున్నారు. అతని ఇంటి కంప్యూటర్లో సినిమాలు, పాటల కోసం పెట్టుకున్న ఒక సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా లోపలికి దిగి, అతను నొక్కే ప్రతి మీటనూ నమోదు చేశారు. చివరికి కంపెనీ భద్రపరిచిన ఖాతాదారుల పెట్టెల నకళ్లనే ఎత్తుకుపోయారు. 2022 డిసెంబరు 22న కంపెనీ ఈ సంగతి చెప్పింది. అప్పటికి దాన్ని వాడేవాళ్లు 3 కోట్ల పైచిలుకు.

పెట్టెలు తాళం వేసే ఉన్నాయి కదా, భయమేముంది? ఇక్కడే విజ్ఞానశాస్త్రం అవసరం. పెట్టె దొంగ ఇంటికి చేరాక, మూడుసార్లు తప్పు కొడితే ఖాతా మూసేసే కాపలాదారు ఎవరూ ఉండరు. తన యంత్రాలతో తీరుబడిగా ఎన్ని ఊహలైనా ప్రయత్నించవచ్చు. అతని వేగం తగ్గించేవి రెండే: మాస్టర్ పాస్‌వర్డ్ ఎంత ఊహకు అందనిది, ఒక్కో ఊహను పరీక్షించడానికి యంత్రం ఎంత శ్రమపడాలి.

రెండోదాని కోసమే కంపెనీలు మాస్టర్ పాస్‌వర్డ్‌ను నేరుగా తాళంచెవిగా వాడవు. ఒక గణిత ప్రక్రియలో దాన్ని లక్షల సార్లు తిప్పి, చివర వచ్చినదాన్ని తాళంచెవి చేస్తాయి. అసలు యజమానికి ఇది సెకనులో చిన్న భాగం, తెలియనే తెలియదు. కోట్ల ఊహలు చేయాల్సిన దొంగకు ప్రతిసారీ ఆ శ్రమంతా తప్పదు. భద్రతా నిపుణుల సంస్థ ఓవాస్ప్ 2023 నుంచి ఈ పద్ధతిలో కనీసం 6 లక్షల చుట్లు ఉండాలంటోంది. లాస్ట్‌పాస్ 2018 నుంచి 1,00,100 చుట్లు తిప్పుతూ వచ్చింది. కానీ అంతకు ముందు తెరిచిన ఖాతాల్లో కొన్ని 5,000 దగ్గర, కొన్ని 500 దగ్గర, బాగా పాతవి కొన్ని అక్షరాలా ఒక్క చుట్టు దగ్గరే ఉండిపోయాయి. ఎవరూ వాటిని పైకి జరపలేదు.

ఆ తేడా ఎంతటిదో లెక్క వేసి చూద్దాం. మాస్టర్ పాస్‌వర్డ్‌గా నాలుగు పదాలు పెట్టుకున్నారనుకుందాం. మనసుకు తోచినవి కాదు, 7,776 పదాల జాబితాలోంచి పాచికలు వేసి ఎంచినవి. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో ప్రతిపాదించిన పద్ధతి ఇది; ఐదుసార్లు పాచిక వేస్తే 7,776 ఫలితాల్లో ఒకటి వస్తుంది. నాలుగు పదాలకు మొత్తం అవకాశాలు దాదాపు 3,656 లక్షల కోట్లు. దొంగ దగ్గర, 6 లక్షల చుట్లున్న పెట్టె మీద సెకనుకు 10 వేల ఊహలు పరీక్షించే యంత్రం ఉందనుకుందాం. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానితో దాదాపు అంతే అవుతుంది. అన్ని అవకాశాలూ చూడటానికి అతనికి పదకొండున్నర వేల ఏళ్లు పడుతుంది. అదే నాలుగు పదాలు, అదే యంత్రం, పెట్టె మాత్రం ఒక్క చుట్టుది అయితే? ఏడు రోజులు.

ఇప్పుడు ఊరిపేరు, గుర్తు, పుట్టిన ఏడు ఉన్న మాస్టర్ పాస్‌వర్డ్ చూడండి. పది లక్షల పేర్లు, వంద సంవత్సరాలు, పది గుర్తులు కలిపినా వంద కోట్ల ఊహలే. 6 లక్షల చుట్ల మంచి పెట్టెలో పెట్టినా దాదాపు 28 గంటల్లో దొరికిపోతుంది. కంపెనీ ఎంత గట్టిదైనా ‘పుత్తూర్@1985’ని కాపాడలేదు.

లాస్ట్‌పాస్ విషయంలో ఇంకో లోపం కూడా బయటపడింది. పెట్టెలో పాస్‌వర్డ్‌లకు తాళం ఉంది గానీ, ఏయే సైట్లకు ఖాతాలున్నాయో చెప్పే చిరునామాలకు లేదు. అంటే ఏ పెట్టె పగలగొడితే లాభమో దొంగకు ముందే తెలుసు. 2024 జనవరిలో జరిగిన సుమారు 15 కోట్ల డాలర్ల క్రిప్టో దొంగతనానికి మూలం, 2022లో రెండుసార్లు దోపిడీకి గురైన ఒక ఆన్‌లైన్ పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి పోయిన డేటాయేనని నమ్ముతున్నట్టు అమెరికా దర్యాప్తు అధికారులు 2025 మార్చిలో కోర్టుకు తెలిపారు. ఆ తర్వాత లాస్ట్‌పాస్ చుట్లు పెంచింది, చిరునామాలకూ తాళం వేయడం మొదలుపెట్టింది. అయినా పాత పెట్టెలు దొంగల దగ్గరే ఉన్నాయి. ఆ కాలంలో అందులో దాచిన పాస్‌వర్డ్ ఏదైనా ఇంకా మార్చకుండా ఉంటే ఇవాళే మార్చాలి.

ఈ గండాన్ని మిగతావి ఎలా దాటతాయి? వన్‌పాస్‌వర్డ్‌ది అన్నిటికంటే గట్టి జవాబు. ఖాతా తెరిచినప్పుడు అది మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు 128 బిట్ల రహస్య సంకేతం ఒకటి ఖాతాదారు ఫోనులోనే తయారుచేస్తుంది. తాళంచెవి ఆ రెండూ కలిస్తేనే వస్తుంది. ఆ సంకేతం కంపెనీ దగ్గర ఉండదు కాబట్టి కంపెనీని మొత్తం దోచుకున్నా దొంగకు సగం చెవే. ఇబ్బంది ఏమిటంటే అది పూర్తిగా డబ్బు కట్టి వాడేది. బిట్‌వార్డెన్‌లో అలాంటి రెండో సగం లేదు, భారమంతా మాస్టర్ పాస్‌వర్డ్ మీదే. కానీ దాని ప్రోగ్రాము రాతంతా బహిరంగం, ఎవరైనా చదివి తప్పు పట్టవచ్చు. 6 లక్షల చుట్లు, సైటు చిరునామాలతో సహా అన్నిటికీ తాళం, పైగా కావాలంటే ఆర్గాన్2 అనే పద్ధతికి మారే వీలు ఉన్నాయి. 2015లో పాస్‌వర్డ్ రక్షణ పద్ధతుల అంతర్జాతీయ పోటీలో గెలిచింది ఆర్గాన్2. ఒక్కో ఊహకూ బోలెడు మెమరీ కావాలని అది పట్టుబడుతుంది కాబట్టి వేల ఊహలు ఒకేసారి చేసే గ్రాఫిక్స్ కార్డుల ఎత్తు అక్కడ సాగదు.

కీపాస్ అసలు ఈ గండాన్నే ఎదుర్కోదు, దాని వెనక సర్వర్లు నడిపే కంపెనీయే లేదు. పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఫైలులో ఉంటాయి, ఆ ఫైలు యజమాని కంప్యూటర్లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉంటుంది. దానికీ దెబ్బలు తగిలాయి. 2023లో, నడుస్తున్న కంప్యూటర్ మెమరీలోంచి మాస్టర్ పాస్‌వర్డ్‌ను దాదాపుగా రాబట్టవచ్చని తేలింది, ఆ జూన్‌లో వచ్చిన 2.54 వెర్షన్‌తో సరిచేశారు. ఫైలును భద్రంగా నకలు తీసి పెట్టుకోవడం, ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య సరిచూసుకోవడం అంతా యజమాని పనే. ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకంటే స్వతంత్రమైనది లేదు. ఓపిక లేనివాళ్లు ఒక హార్డ్‌డిస్క్ చెడిపోవడంతో అన్నీ పోగొట్టుకుంటారు.

రెండో గండం, ఫోను పోవడం. పుత్తూరు నుంచి చెన్నైకి రైల్లో వెళ్తుంటే సెంట్రల్‌లో దిగేసరికి జేబు ఖాళీ అనుకుందాం. గూగుల్, ఆపిల్ ఇచ్చే పెట్టెలకు సుళువుతో పాటు బలహీనత కూడా ఇక్కడే ఉంది. సామాన్యంగా వాటిని ఫోను తెరిచే పిన్‌తోనే తెరవొచ్చు. ఆ పిన్ ఇంట్లో పిల్లలకు తెలుసు, దుకాణంలో పక్కన నిలబడి చూసినవాడికీ తెలియవచ్చు. జనం మధ్య పిన్ కొట్టడం గమనించి ఆ తర్వాత ఐఫోన్ లాక్కుపోయే ముఠాల గురించి వాల్ స్ట్రీట్ జర్నల్ 2023 ఫిబ్రవరిలో రాసింది. ఆపిల్ 2024 జనవరిలో దానికి మందు తెచ్చింది: అలవాటైన చోట్లకు దూరంగా ఉన్నప్పుడు పాస్‌వర్డ్‌లు చూడాలంటే ముఖమో వేలిముద్రో చూపాల్సిందే, పిన్ చాలదు. ఆ ఏర్పాటు ఆన్‌లో ఉందో లేదో సెట్టింగుల్లో చూసుకోవాలి. వేరుగా పెట్టుకున్న పెట్టెకు వేరే మాస్టర్ పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి పిన్ తెలిసిన దొంగకు ఇంకో గోడ అడ్డం వస్తుంది. వేలిముద్రతో పాటు ఫోను పిన్‌తోనూ తెరుచుకునేలా పెట్టుకుంటే మాత్రం ఆ గోడ ఉన్నట్టు కాదు.

దొంగ సంగతి సరే, యజమాని తిరిగి ఎలా లోపలికి వెళ్తాడు? కొత్త ఫోను కొని పెట్టె తెరవబోతే, కొత్త పరికరం కాబట్టి ఈమెయిల్‌కు సంకేతం పంపామంటుంది. ఈమెయిల్ పాస్‌వర్డ్ ఆ పెట్టెలోనే ఉంది. ఓటీపీ కోసం సిమ్ కావాలి, అది పోయిన ఫోనులో ఉంది. చాలామంది ఇరుక్కునేది ఈ వలయంలోనే. దీనికి పరిష్కారం కాగితం. ఈమెయిల్ పాస్‌వర్డ్, పెట్టె మాస్టర్ పాస్‌వర్డ్, రెండో అంచె భద్రతకు కంపెనీ ఇచ్చే రికవరీ కోడ్‌లు చేత్తో రాసి, బీరువాలో పట్టా పాస్‌బుక్కులు, ఎల్ఐసీ బాండ్ల పక్కన పెట్టుకోవడం. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని ఏళ్లుగా చెప్పినదానికి ఇది విరుద్ధంగా తోచవచ్చు. కానీ బ్రూస్ ష్నయర్ లాంటి నిపుణుడే 2005లో రాసి పెట్టుకోమన్నారు. రష్యాలోనో నైజీరియాలోనో కూర్చున్న దొంగ చెయ్యి పుత్తూరులోని బీరువా దాకా చాపలేడు.

ఇదే గండానికి తోబుట్టువు ఇంకోటి ఉంది, కంపెనీ మనసు మార్చుకోవడం. లాస్ట్‌పాస్ 2021 మార్చిలో ఉచితంగా వాడేవాళ్లను ఫోనో కంప్యూటరో ఒక్కటే ఎంచుకోమంది. మైక్రోసాఫ్ట్ 2025 ఆగస్టుకల్లా ఆథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచడం ఆపేసింది. అదే ఏడాది డాష్‌లేన్ ఉచిత పథకాన్ని ఎత్తేసింది. కాబట్టి పెట్టెలో ఉన్నవన్నీ ఒక ఫైలుగా బయటికి తీసుకోనిస్తుందా అన్నది కొనేముందే చూడాల్సిన సంగతి. పాస్‌వర్డ్‌ల బదులు ఈమధ్య వస్తున్న పాస్‌కీల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒక కంపెనీ పెట్టెలోంచి ఇంకో కంపెనీ పెట్టెలోకి వాటిని తరలించడం పాస్‌వర్డ్‌లంత సుళువుగా ఇంకా అన్నిచోట్లా కుదరడం లేదు.

మూడో గండం గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటి లావాదేవీలన్నీ చూసుకునే మనిషి హఠాత్తుగా పోతే, దినకర్మలు ముగియకముందే జీఎస్టీ రిటర్ను గడువు వస్తుంది. ఫిక్సెడ్ డిపాజిట్ ఏ బ్యాంకులో ఉందో భార్యకు తెలియదు, ఫోను తెరుచుకోదు. ఆపిల్ 2021 డిసెంబరు నుంచి వారసుడిని నమోదు చేసుకోనిస్తోంది. ఆ వారసుడికి ఫొటోలు, ఉత్తరాలు అందుతాయి గానీ పాస్‌వర్డ్‌లు అందవని ఆ కంపెనీయే చెబుతోంది. గూగుల్‌లో, ఖాతా ఇన్ని నెలలు వాడకపోతే ఫలానా వారికి డేటా ఇవ్వమని ముందే చెప్పిపెట్టవచ్చు. నెలల తరబడి ఆగే వీలు ఆ ఇంటికి ఉండకపోవచ్చు. బిట్‌వార్డెన్ డబ్బు కట్టే పథకంలో అత్యవసర ప్రవేశం అని ఒక ఏర్పాటుంది. నమ్మకమైన మనిషిని ముందే నియమిస్తారు. అతను అడిగాక యజమాని పెట్టుకున్న గడువులోగా, ఒక రోజు నుంచి 90 రోజుల దాకా, కాదనకపోతే పెట్టె తెరుచుకుంటుంది. వన్‌పాస్‌వర్డ్ ఖాతా తెరవగానే ఎమర్జెన్సీ కిట్ అని ఒక పేజీ ముద్రించుకోమంటుంది. అందులో రహస్య సంకేతం అచ్చై ఉంటుంది, మాస్టర్ పాస్‌వర్డ్ రాసుకోవడానికి ఖాళీ ఉంటుంది. పెళ్లాం పిల్లలకు ఆ కాగితం ఎక్కడుందో చెప్పి ఉంచితే చాలు. మూడు గండాల్లో దీనికే అన్నిటికంటే చౌకైన మందు ఉంది, దాన్నే ఎక్కువమంది వాయిదా వేస్తారు.

మరి ఎవరికి ఏది? ఇంజినీరింగ్ విద్యార్థికి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు బిట్‌వార్డెన్ ఉచిత పథకం చాలు. ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా అది ఒప్పుకుంటుంది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు పుత్తూరులో ఉన్న ఇళ్లకు వన్‌పాస్‌వర్డ్ కుటుంబ పథకం డబ్బుకు తగినదే, తండ్రి మరిచిపోతే కూతురు అక్కడి నుంచే ఖాతా తిరిగి తెరిపించగలదు. నలుగురైదుగురు సిబ్బంది ఒకే జీఎస్టీ లాగిన్ వాడే షెడ్డుకో, ఆడిటర్ ఆఫీసుకో జోహో వాల్ట్ లాంటిది కావాలి. పాస్‌వర్డ్ కళ్లకు చూపకుండానే వాడుకోనిస్తుంది, మనిషి ఉద్యోగం మానేసిన రోజు అతని ప్రవేశం తీసేయవచ్చు. మహేశ్ బ్యాంకులో ఉన్న జబ్బుకు మందు ఇలాంటిదే. ఇవేవీ చేయని పెద్దవాళ్లకు ఫోనులోని గూగుల్ పెట్టె నిస్సంకోచంగా చెప్పవచ్చు. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ వాడటం కంటే అది ఎన్నో రెట్లు నయం. ఫోనే లేని ముసలాయనకు నోటుపుస్తకం చాలు.

నెట్ సెంటర్ల సంగతి వేరే చెప్పాలి. దరఖాస్తు పెట్టడానికి వెళ్లినవాళ్ల తరఫున ఆపరేటరే ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, తన నోటుపుస్తకంలో రాసుకోవడం మామూలే. ఆయన సాయం లేకపోతే ఎన్నో దరఖాస్తులు వెళ్లేవే కావు. అయినా ఇంటికొచ్చిన సాయంత్రమే ఆ పాస్‌వర్డ్ మార్చుకోవాలి. పదిమంది వాడే ఆ కంప్యూటర్లో ఎన్నడూ పాస్‌వర్డ్ మేనేజర్ తెరవకూడదు. మీటలు నమోదు చేసే ప్రోగ్రాము అందులో ఒక్కటున్నా పోయేది ఒక పాస్‌వర్డ్ కాదు, అన్నీ. సొంత ఫోనులో పెట్టె తెరిచి, కావలసిన ఆ ఒక్క పాస్‌వర్డ్‌నే చూసి కొట్టాలి.

మొదలుపెట్టేవాళ్లు ఒక్కరోజులో అన్నీ మార్చాలనుకుంటే మూడో రోజుకు విసుగొచ్చి మానేస్తారు. మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత పన్నుల సైట్లు. ఆదాయపు పన్ను సైటు కోసం పాస్‌వర్డ్ తయారుచేయించేటప్పుడు పొడుగు 14 దాటనివ్వకూడదు. మిగతావి, ఎప్పుడు ఏ సైటు తెరిస్తే అప్పుడు మార్చుకుంటూ పోవచ్చు. బ్రౌజర్‌లో ఇప్పటికే దాచినవి ఉంటే వాటిని ఫైలుగా తీసి కొత్త పెట్టెలోకి ఎక్కించవచ్చు. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఏ తాళమూ లేకుండా బయటికి కనిపిస్తుంటాయి. పని కాగానే దాన్ని చెరిపేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయాలి. ఫోనుకు చేర్చుకోవడానికి ఎప్పుడైనా వాట్సాప్‌లో తనకు తానే పంపుకుని ఉంటే అక్కడ కూడా వెతికి తీసేయాలి.